కోతకో కారణం

మహాభారతం మొదట్లోనే ఒక కుక్క ఫిర్యాదు ఉంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవతల కుక్క సరమ కొడుకు వెళ్తాడు. రాజుగారి తమ్ముళ్లు ముగ్గురూ కలిసి వాణ్ణి కొట్టి తరుముతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతే, ఏ తల్లయినా అనే మాటే ఆమే అంటుంది: నువ్వేదో చేసే ఉంటావు. ఏమీ చెయ్యలేదు, హవిస్సు వంక కన్నెత్తి కూడా చూడలేదంటాడు వాడు. సరమ నేరుగా యాగశాలకు వెళ్లి, నా కొడుకుని ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. రాచబిడ్డలు ముగ్గురూ నోరు మెదపరు. తప్పు చెయ్యనివాణ్ణి కొట్టారు కాబట్టి మీకు అనుకోని ఆపద వచ్చిపడుతుందని చెప్పి ఆమె వెళ్లిపోతుంది. రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగు భారతం మొదలుపెట్టిన నన్నయ కూడా ఈ కథను వదిలెయ్యలేదు.

అందరికీ గుర్తుండేది సరమ పెట్టిన శాపం. నాకు మాత్రం ఆ ముగ్గురి మౌనమే గుర్తుంటుంది. చేసిన పనికి కారణం లేదని వాళ్లకు తెలుసు. ఏదో ఒకటి కల్పించి చెప్పాలని కూడా వాళ్లకు తోచలేదు.

ఈ మధ్య కుక్కల తోకలు, చెవులు కోసే అలవాటు చరిత్ర చదువుతుంటే ఆ మౌనం పదేపదే గుర్తొచ్చింది. ఎందుకంటే ఈ చరిత్రలో అలాంటి మౌనం ఎక్కడా లేదు. రెండు వేల ఏళ్లుగా ఎవరు ఎప్పుడు అడిగినా జవాబు సిద్ధంగా ఉంది. పిచ్చి పట్టకుండా. రాజుగారి జింకల కోసం. పన్ను తప్పించుకోడానికి. పోట్లాటలో చెవి దొరక్కుండా. ముళ్లపొదల్లో తోక చీరుకోకుండా. చివరికి, ఆ జాతి లక్షణమే అంత కాబట్టి. ఒక జవాబు చెల్లకుండా పోయేసరికి ఇంకో జవాబు దాని చోట్లో కూర్చుంది. కోత మాత్రం ఆగలేదు.

* * *

మనకు దొరికే పాత జవాబుల్లో ఒకటి రోమన్లది. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో కొలుమెల్లా అనే ఆయన వ్యవసాయం మీద పన్నెండు భాగాల పెద్ద పుస్తకం రాశాడు. ఇప్పటి స్పెయిన్‌లోని కాడిజ్ ఆయన ఊరు. గొర్రెల మందకు, ఇంటికి కాపలా ఉండే కుక్కల గురించి చెప్తూ, పిల్ల పుట్టిన నలభై రోజులకు దాని తోక కొస తీసెయ్యమంటాడు. ఎలాగంటే, వెన్నుపూసల గుండా తోక చివరి దాకా ఒక నరం వెళ్తుందట. దాన్ని పళ్లతో కరిచిపట్టి, కాస్త బయటికి లాగి తెంపెయ్యాలట.

ఇంత ఘోరం ఎందుకయ్యా అంటే ఆయన రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, తోక అసహ్యంగా పొడుగు పెరగదు. రెండోది, కుక్కకు పిచ్చి పట్టదు. ఈ రెండో కారణం చెప్పేటప్పుడు మాత్రం ఆయన కాస్త జాగ్రత్తపడ్డాడు. ఇది తన మాట కాదు, చాలామంది కాపరులు అంటున్న మాట అని వాళ్ల మీద పెట్టాడు. మొదటి కారణానికి ఆ జాగ్రత్త అవసరం లేకపోయింది. తోక పొడుగైతే చూడ్డానికి బాగోదన్నది ఆయనకు సాక్ష్యం అక్కర్లేని విషయం.

కొద్ది ఏళ్లకే ప్లినీ తన ప్రకృతి చరిత్రలో ఇదే సంగతి రాశాడు. తోక పెరగదన్న మాట ఉంచాడు గానీ, పొడుగు తోక అసహ్యమన్న మాట తీసేశాడు. కాపరులూ మాయమయ్యారు. పిచ్చి పట్టదని కొలుమెల్లాయే చెప్పినట్టు రాశాడు. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి వెళ్లేసరికి అందం సంగతి దాక్కుంది, వదంతి వైద్యమైపోయింది. నేను ఈ చరిత్రంతా చదివాక, తర్వాత రెండు వేల ఏళ్లలో జరిగింది కూడా ఇదేనని అనిపించింది.

ప్లినీ ఇంకో ముక్క కూడా రాశాడు: కుక్క నాలుకలో ఒక చిన్న పురుగు ఉంటుంది, పిల్లప్పుడే దాన్ని తీసేస్తే పిచ్చి పట్టదు. అది పురుగు కాదు, నాలుక కింద ఉండే మామూలు కణజాలం. అయినా ఇంగ్లండ్‌లో పద్దెనిమిదో శతాబ్దంలోనూ దాన్ని కోసి తీస్తూనే ఉన్నారు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఈ పనికి అర్థం రాస్తూ, తీసేది ఏమిటో ఎవరికీ తెలీదు, దానివల్ల పిచ్చి ఎలా ఆగుతుందో కూడా తెలీదని ఎకసెక్కం చేశాడు. రేబిస్‌కు అసలు విరుగుడు 1885లో పాశ్చర్ టీకాతో వచ్చింది. అప్పటికి తోక కోతకు వేరే కారణాలు దొరికాయి.

* * *

ఇంగ్లండ్‌లో రాజుల అడవి చట్టాలు మాత్రం దాపరికం లేకుండా మాట్లాడతాయి. 1217 నాటి అటవీ శాసనంలో కుక్కలకు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. అడవి చుట్టుపక్కల ఊళ్లలో ఉండే కుక్కల ముందుకాలికి మూడు గోళ్లు, అరికాలి మెత్త పోకుండా, నరికెయ్యాలి. మూడేళ్లకోసారి తనిఖీ. నరకని కుక్క దొరికితే యజమాని మూడు షిల్లింగులు కట్టాలి. అంతకుముందు అధికారులు జరిమానా కింద ఎద్దుల్నే తోలుకుపోయేవాళ్లు, ఇకమీదట అలా చెయ్యొద్దని కూడా అందులో ఉంది. రాజుగారి జింక వెంట రైతు కుక్క పరిగెత్తకూడదు, అంతే సంగతి. క్రూరమే గానీ, కుక్క మంచి కోసమేనన్న నటన అందులో లేదు.

తర్వాత 1796లో బ్రిటిష్ పార్లమెంటు కుక్కల మీద పన్ను వేసింది. దానికోసం గట్టిగా పట్టుబట్టిన జాన్ డెంట్ అనే సభ్యుడికి ‘డాగ్ డెంట్’ అని పేరు పడిపోయింది. పశువుల్ని తోలే కుక్కలకు పన్ను లేదని, అవి పనికుక్కలని గుర్తుపట్టడానికి తోకలు కోసేవారని, దాంతో ఆ అలవాటు ఊరూరా పాకిందని ఒక కథ కుక్కల పుస్తకాలన్నింట్లో కనిపిస్తుంది. అందులో ఎంత నిజముందో గానీ, కథ ఎంత తేలిగ్గా అతుక్కుందో చూడండి. పన్ను పోయి, దాని వెనక వచ్చిన లైసెన్సు రుసుము కూడా 1980ల్లో రద్దయింది. తోకలు తిరిగి రాలేదు.

కత్తిరించడం, కుదించడం అనే అర్థంలో ఇంగ్లిష్‌లో వాడే ‘కర్టెయిల్’ అన్న మాటకు కూడా ఇక్కడ చోటుంది. పొట్టి అనే అర్థమున్న ఒక ఫ్రెంచ్ మాట నుంచి ‘కర్టల్’ వచ్చింది, అంటే తోక కోసిన జంతువు. జనం దాని చివర్లో ‘టెయిల్’ ఉందని పొరబడి ఆ మాటను ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. కుక్కకు తోక కోసినవాళ్లే మాటకు తోక అతికించారన్నమాట.

* * *

చెవుల కథ వేరే దారిలో నడిచింది. ఎద్దుల మీదికి, ఎలుగుబంట్ల మీదికి కుక్కల్ని ఉసిగొల్పి పందేలు కాయడం అక్కడ పెద్ద వినోదం. పోట్లాటలో చెవి పట్టుకు దొరుకుతుంది, నెత్తురు ఎక్కువ పోతుంది, కాబట్టి ముందే కోసేసేవాళ్లు. 1835లో చట్టం ఈ పందేల్ని నిషేధించింది. పోట్లాట లేకపోతే కోత కూడా ఆగాలి కదా? ఆగలేదు. సరిగ్గా ఆ సమయానికే కుక్కల ప్రదర్శనలు మొదలయ్యాయి. 1859లో న్యూకాజిల్‌లో మొదటి ప్రదర్శన, 1873లో కెన్నెల్ క్లబ్. ఒక్కో జాతి ఎలా ఉండాలో కాగితం మీద రాసుకున్నారు. నిక్కపొడుచుకున్న చెవులు చురుకుదనానికి గుర్తయ్యాయి. నిన్నటిదాకా పందెం బరిలో అవసరమైన కోత ఇప్పుడు ‘బ్రీడ్ స్టాండర్డ్’.

1877లో అన్నా సెవెల్ రాసిన ‘బ్లాక్ బ్యూటీ’ని మనలో చాలామంది పిల్లల పుస్తకంగానే చదివాం. అందులో తోక కోసిన ముసలి గుర్రం ఒకటి, ఈగల్ని తోలుకోలేక జీవితమంతా పడిన బాధ చెప్తుంది. పక్కనే ఉన్న చిన్న కుక్క పిల్లలకు కూడా తోకలు, చెవులు కోసిన సంగతి ఎత్తుతుంది. చురుగ్గా కనబడాలంటే మనుషులు తమ పిల్లల చెవులే కోసుకోవచ్చుగా అని అడుగుతుంది. సరమ అడిగిన ప్రశ్నే మళ్లీ విక్టోరియా రాణి కాలంలో ఒక గుర్రం నోట వినబడుతుంది. గుర్రాల తోకలు కొయ్యకూడదని బ్రిటన్‌లో చట్టం రావడానికి 1949 దాకా ఆగాల్సొచ్చింది.

కుక్కల చెవుల విషయంలో మార్పు పైనుంచి వచ్చింది. తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజైన యువరాజు ఈ అలవాటు తనకు ఇష్టం లేదని కెన్నెల్ క్లబ్‌కు తెలియజేశాడు. 1898లో క్లబ్ చెవులు కోసిన కుక్కల్ని ప్రదర్శనల్లోంచి తప్పించింది. ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించేది, అదే క్లబ్ తోకల జోలికి వెళ్లకపోవడం. ఇంగ్లండ్‌లో తోక కోతను చట్టం ఆపింది 2007లో, అదీ పనికుక్కలకు మినహాయింపులతో. చెవికీ తోకకూ మధ్య నూట తొమ్మిదేళ్లు. చెవి కోత పెద్ద పిల్లలకు చేస్తారు, నెత్తురు, ఏడుపు, కట్టు అన్నీ కళ్ల ముందే. తోక మూడు నాలుగు రోజుల పసిగుడ్డుకే కోసేస్తారు. కొన్నవాళ్లెవరూ ఆ తోకను ఎప్పుడూ చూసి ఉండరు. చూడనిదాన్ని పోగొట్టుకున్నామని ఎవరికీ అనిపించదు.

* * *

తోక కోతకు ఇప్పుడు చెప్పే కారణాల్లో కాస్త బలమైనది గాయాల సంగతి. దాన్ని కొట్టిపారెయ్యకుండా చూద్దాం. 2010లో అచ్చయిన ఒక బ్రిటిష్ అధ్యయనం 138,212 కుక్కల రికార్డులు పరిశీలించింది. అందులో తోకకు గాయమైనవి 281. ఒక గాయం తప్పించాలంటే సుమారు 500 కుక్కల తోకలు కొయ్యాలని వాళ్లు తేల్చారు. అడవుల్లో, పొదల్లో వేటపని చేసే కొన్ని జాతులకు ప్రమాదం ఎక్కువని గ్లాస్గో పరిశోధకులు చూపించాక, పూర్తి నిషేధం ఉన్న స్కాట్లండ్ 2017లో ఆ జాతుల పనికుక్కల వరకు సడలింపు ఇచ్చింది. అంటే నిజమైన అవసరం ఉంటే చట్టం వింటుంది. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో సోఫా మీద పడుకునే కుక్క తోకకు ఏ ముళ్లపొద అడ్డం వస్తుందన్నదే ప్రశ్న.

తోక లేకపోతే కుక్క పోగొట్టుకునేదేమిటో కూడా ఇప్పుడు కొంత తెలుసు. 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. యజమానిని చూసినప్పుడు కుక్క తోక కుడివైపుకు ఎక్కువ ఊగుతుంది, భయపెట్టే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపుకు. మరుసటి ఏడాది కెనడాలో ఒక బొమ్మ కుక్కకు పొడుగు తోకా పొట్టి తోకా మార్చి మార్చి పెట్టి, తోక ఊగేలా చేసి, పార్కులో వదిలారు. పొడుగు తోక ఊగుతుంటే మిగతా కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయి. పొట్టి తోక ఊగినా నమ్మలేక వెనకాడాయి. మన భాషలో తోక అంటే వంకరతనం, లేదంటే గోదారి ఈదడానికి పట్టుకోకూడనిది. కుక్కల మధ్య అది మాట. దాన్ని కోస్తే కుక్క నోట్లోంచి కొన్ని మాటలు తీసేసినట్టే.

* * *

మన ఊళ్లలో ఈ విషయం ఎక్కువగా ఎదురయ్యేది డాబర్‌మన్ రూపంలో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలోని అపోల్డా అనే ఊళ్లో కార్ల్ ఫ్రెడ్రిక్ లూయీ డాబర్‌మన్ అనే పన్ను వసూలుదారు ఈ జాతిని తయారుచేశాడు. డబ్బు సంచితో తిరిగేవాడికి తోడు కావాలి, ఎదుటివాడికి భయం కలగాలి. నిటారు చెవులూ మొండి తోకా ఆ భయంలో భాగమయ్యాయి. డాబర్‌మన్ పుట్టినప్పుడు దాని చెవులు లాబ్రడార్ చెవుల్లా వేలాడతాయని, తోక పొడుగ్గా సన్నగా ఉంటుందని చాలామందికి తెలీదు.

రెండేళ్ల కిందట ఒక మిత్రుడికి తోడుగా హైదరాబాద్‌లో డాబర్‌మన్ పిల్లను చూడ్డానికి వెళ్లాను. పిల్లలన్నిటికీ తోకలు అప్పటికే మొండి. అమ్మే ఆయన మామూలుగా, టీ తాగుతారా అన్నంత తేలిగ్గా అడిగాడు: “చెవులు నిలబెట్టించి ఇయ్యాల్నా సార్, అట్లనే తీస్కపోతరా?” నొప్పి ఉండదా అంటే, “చిన్న పిల్లలు సార్, వాటికేం తెలుస్తది” అన్నాడు.

చెవులు నిలబెట్టడమంటే ఇది. రెండు మూడు నెలల పిల్లకు మత్తిచ్చి, రెండు చెవుల్లోనూ చర్మం, మృదులాస్థి కలిపి పెద్ద ముక్క కోసేసి, అంచుకు కుట్లు వేస్తారు. తర్వాత వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, చెవుల్ని దబ్బకో దూది చుట్టకో టేపుతో కట్టి ఉంచాలి, పదేపదే మార్చాలి. చీము పట్టొచ్చు. మచ్చ ముడుచుకుని చెవి వంకర తిరగొచ్చు. అన్నీ చేశాక కూడా ఒక చెవి నిలబడి ఇంకోటి వాలిపోవచ్చు. మత్తు సరిగా ఇవ్వడం తెలియనివాడి చేతిలో పిల్ల ప్రాణానికే ముప్పు. తోకైతే చాలాచోట్ల మత్తు కూడా లేకుండానే కోస్తారు. తెగిన చోట నరాలు ముడిపడి, పెద్దయ్యాక కూడా తాకితే నొప్పెట్టే గడ్డ కట్టొచ్చు.

“వాటికేం తెలుస్తది” అన్న మాట ఆ అమ్మే ఆయన సొంతం కాదు. మనిషి బిడ్డల విషయంలోనూ డాక్టర్లు చాలాకాలం అలాగే అనుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు నొప్పి మందు సరిగా ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని కూల్చాయి. పసిగుడ్డుకు నొప్పి తెలుస్తుంది, మందిస్తే బాగా కోలుకుంటుంది. అదే ఏడాది జర్మనీలో కుక్కల చెవుల కోత మీద నిషేధం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో స్ట్రాస్‌బర్గ్‌లో పెంపుడు జంతువుల రక్షణకు ఐరోపా ఒప్పందం కుదిరింది. తోక, చెవుల కోత, మొరగకుండా స్వరతంత్రులు తీసెయ్యడం, గోళ్లూ పళ్లూ పీకెయ్యడం వద్దంది. అక్కడ కూడా, కావాలంటే తోక విషయంలో మాత్రం ఒప్పుకోమని చెప్పే వెసులుబాటు దేశాలకు మిగిలింది. జర్మనీ తోక కోతను ఆపింది 1998లో. డాబర్‌మన్ పుట్టింట్లో ఇప్పుడు వేలాడే చెవుల డాబర్‌మనే మామూలు. మనం మాత్రం ‘ఒరిజినల్ లుక్’ కోసం కోయిస్తున్నాం.

* * *

మన చట్టం ఏమంటుంది? రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టగా 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్‌లో, జంతువు అంగాల్ని ఛేదించడం నేరమంది. అదే సెక్షన్ చివర్లో కొన్ని మినహాయింపులున్నాయి: కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముద్ర వెయ్యడం, ముకుతాడు వెయ్యడం. తోక, చెవుల పేర్లు ఆ జాబితాలో లేవు. కానీ విడిగా నిషేధమని కూడా అందులో రాసి లేదు. ఆ సందులోనే వెటర్నరీ కౌన్సిల్‌కూ కెన్నెల్ క్లబ్‌కూ మధ్య తగాదా 2010ల తొలినాళ్లలో మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ మినహాయింపుల జాబితా చదివితే మన ఊరు కనబడుతుంది. ఎద్దు ముక్కులో తాడు, కోడెదూడకు విత్తులు కొట్టడం, దేవుడికి వదిలిన ఆబోతుకు అచ్చు. మనం కొయ్యనివాళ్లం, కాల్చనివాళ్లం ఏమీ కాదు. పడమటివాళ్ల క్రూరత్వం, మన కరుణ అని గీత గీసుకోడానికి లేదు. అయితే ఒక తేడా పనికొస్తుందని నాకనిపిస్తుంది. కోత ఏ అవసరానికి పుట్టిందో ఆ అవసరం తీరాక కోత ఆగిందా లేదా? ట్రాక్టరు వచ్చాక ఎద్దుతో పాటు ముకుతాడూ పోయింది. అందం కోసం ఎవరూ ముకుతాడు మిగుల్చుకోలేదు. కుక్కల విషయంలో పిచ్చికి టీకా వచ్చింది, అడవి చట్టం పోయింది, పన్ను పోయింది, పందెం బరి మూతపడింది. కారణాలన్నీ చచ్చిపోయినా కోత బతికే ఉందంటే, దాని అసలు కారణం వాటిలో ఏదీ కాదు. కొలుమెల్లా వాక్యంలో మొదట వచ్చిన మాటే, చూడ్డానికి బాగోదన్నదే, మొదటినుంచీ కారణం.

హైదరాబాద్, విజయవాడ వీధుల్లో తిరిగే కుక్కల్ని చూడండి. కొన్నిటికి ఒక చెవి అంచు కాస్త తెగి ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు, ఆ మత్తులోనే పెట్టే గుర్తు అది. మళ్లీ పట్టుకెళ్లి మళ్లీ కొయ్యకుండా ఆ గంటు దాన్ని కాపాడుతుంది. అదీ చెవి కోతే. కానీ సరమ వచ్చి ఎందుకని అడిగితే, ఆమె మొహం చూసి చెప్పగలిగే జవాబు ఒకటుంది.

* * *

కత్తిని ఆపితే కథ అయిపోతుందనుకోడానికి లేదు. తోక నిషేధం వస్తుందని తెలిసి, 1990ల్లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త బ్రూస్ కట్టనాక్ ఒక పని చేశాడు. పుట్టుకతోనే పొట్టి తోక వచ్చే కోర్గీ జాతితో బాక్సర్‌ను కలిపి, కొన్ని తరాలకే చూడ్డానికి అచ్చం బాక్సర్‌లా ఉండే మొండి తోక పిల్లల్ని పుట్టించాడు. తెలివైన పని, నొప్పి లేని పని. కానీ తోకతో ఉన్న బాక్సర్‌ను చూడ్డం నేర్చుకోవడం కంటే జన్యువునే మార్చడం మనుషులకు తేలికనిపించిందంటే, కంటి అలవాటు ఎంత మొండిదో ఆలోచించండి. అమెరికాలో విత్తులు తీయించిన కుక్కలకు సిలికాన్‌తో చేసిన ఉత్తుత్తి విత్తులు పెట్టే ఒక కంపెనీ ఉంది, దాన్ని కనిపెట్టినాయనకు 2005లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. ఆ లోటు కుక్కకు తెలిసిందో లేదో గానీ యజమానికి తెలిసింది.

ఇక మనకు బాగా తెలిసిన హచ్ కుక్క. 2003లో ఆ ప్రకటన వచ్చాక పగ్‌లు ఇంటింటికీ చేరాయి. దాని ముక్కును ఎవరూ కత్తితో కొయ్యలేదు. తరాల తరబడి పొట్టి మొహాల్నే ఎంచి ఎంచి కలిపారు. మన ఎండల్లో అది గురకపెడుతూ ఊపిరికి కొట్టుకుంటుంటే ముద్దొస్తోందని వీడియో తీస్తాం. ఈ కోత కొలుమెల్లా చెప్పిన పద్ధతి కంటే లోతైనది. ఇందులో నెత్తురు కనబడదు, చట్టానికి చిక్కదు.

కంటికి అలవాటు చెయ్యొచ్చన్నదే ఇందులో ఆశ. జర్మనీలో, ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఇరవైల్లో ఉన్న పిల్లలకు తోక ఊపే డాబర్‌మన్ వింత కాదు. దానికి ఒక తరం పట్టింది, అంతే. మన కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన జోనంగి కుక్క తోక చుట్ట తిరిగి వీపు మీదికి వస్తుంది. దాన్ని ఎవరూ సరిచెయ్యాలనుకోలేదు. కుక్కపిల్లను కొనబోయేవాళ్లు చెవులు వద్దు, తోక వద్దు అని చెప్పడానికి బదులు, కోసినవైతే మాకొద్దు అని ఒక మాట అనగలిగితే చాలు. అమ్మేవాడు కారణాలు చెప్తాడు. అతని దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ పాతవే.